నడుము దగ్గర రెండంగుళాలు

పోలీసు స్టేషనుకు ఎదురుగా, మూడు మెట్లెక్కితే వచ్చే ముందుగదిలో టేపు మాస్టారు ముప్పై ఏళ్లుగా మిషను తొక్కుతున్నాడు. వెనక గదుల్లో కాపురం. ఆ స్టేషన్లో చేరిన ప్రతివాడి యూనిఫామూ ఆయన చేతిమీదుగా పోవలసిందే. మనిషి గుమ్మంలో కాలు పెట్టేలోపే నడుము కొలత చెప్పేస్తాడు. ఒకసారి వీధిలో పరుగెడుతున్న దొంగను కిటికీలోంచి చూసి, "నడుం ముప్పై నాలుగు, ఎడం భుజం కాస్త కిందికి!" అని అరిచాడట. ఆ ఆనవాళ్లతోనే సాయంత్రానికల్లా దొంగ దొరికాడట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ దొంగ నడుము ఒక అంగుళం పెరుగుతుంది. ప్రస్తుతం నలభై రెండు దగ్గరుంది. అంత నడుముతో వాడు ఎలా పరుగెత్తాడని అడిగే ధైర్యం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

అంతకన్నా పెద్ద గొప్ప ఇంకొకటుంది. కొత్తగా చేరినవాడి భుజాల మీద టేపు వేయగానే, వాడు ఉద్యోగంలో నిలుస్తాడో మధ్యలో జారుకుంటాడో తనకు తెలిసిపోతుందంటాడు. "పైవాళ్లు పరీక్షలు పెట్టి, పరుగులు పెట్టించి చూస్తారు. నాకు సుద్దముక్క చాలు," అంటాడు.

అయితే నాలుగేళ్లుగా టేపు వేయటానికి భుజాలే కరువయ్యాయి. చేరేవాళ్లు తక్కువ, మానేసేవాళ్లు ఎక్కువ. మానేసినవాళ్లలో ఆయన సొంత బావమరిది కూడా ఉన్నాడు. ఆరేళ్లు కానిస్టేబులుగా చేసి, పది నెలల కిందట రాజీనామా ఇచ్చి, ఒక గోడౌనులో కాపలాకు కుదిరాడు. ఆఖరి ఏడాదంతా కలిపి అతనికి దొరికిన సెలవులు మూడు. అతని కూతురు పక్కింటావిడతో, "నాన్న స్టేషన్లో ఉంటాడు, మా ఇంటికి స్నానానికి వస్తాడు," అందట. ఆ మాట చెవిన పడ్డ వారానికే మానేశాడు.

ఈమధ్య పోలీసుల్లో మనుషుల్ని చేర్చుకోవటానికి, చేరినవాళ్లను నిలుపుకోవటానికి కొత్త చట్టం వచ్చింది. ఎనిమిది గంటలే డ్యూటీ. వారానికొక సెలవు ఏ రోజో నియామక ఉత్తర్వులోనే రాసివ్వాలి. దాన్ని రద్దు చేస్తే ఎందుకు చేశారో పై అధికారి సంతకం పెట్టి చెప్పాలి. మానేసి ఏడాది దాటనివాళ్లు తిరిగి వస్తే పాత సర్వీసు పోదు. అలా రాదలచినవాళ్లు సోమవారం పది గంటలకు యూనిఫాంలో చేర్చుకునే బోర్డు ముందు నిలబడాలి. అదే ఆఖరి గడువు.

ఆదివారం మధ్యాహ్నం బావమరిది పాత యూనిఫాం సంచిలో పెట్టుకుని వచ్చాడు. ప్యాంటు తొడుక్కుంటే గుండీకీ కాజాకీ మధ్య రెండంగుళాల దూరం తేలింది.

"గోడౌన్లో సరుకు కాపలా కాశావా, సరుకంతా నువ్వే తిన్నావా?"

"కూర్చునే ఉద్యోగం బావా. నాకన్నా కుర్చీయే ఎక్కువ కష్టపడింది."

"ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోకు. టేపు దగ్గర ఆ వేషాలు చెల్లవు. విప్పివ్వు."

లోపలినుంచి మాస్టారి భార్య కేకేసింది. "వాణ్ని ఏడిపించింది చాలు గానీ, ముందు ఆ కుట్టు సంగతి చూడండి!"

మాస్టారు బాబినుకు దారం చుడుతున్నాడు. ఊరికే కూర్చోలేక బావమరిది తువ్వాలు చుట్టుకుని, తనే బ్లేడు తీసుకుని ప్యాంటు వెనక కుట్టు విప్పాడు. పోలీసు ప్యాంట్లకు అక్కడ రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదలటం మాస్టారి పద్ధతి. సర్వీసుతోపాటు నడుమూ పెరుగుతుంది కదా. ఇన్‌స్పెక్టరుగారి ప్యాంటు అలా నాలుగుసార్లు వదులైంది.

"బావా, ఇందులో గుడ్డే లేదు. మర్చిపోయావా?"

మాస్టారు బాబిను బల్లమీద పెట్టేశాడు.

"మర్చిపోలేదురా. నిలవడనుకున్నవాడికి వదలను."

"అంటే కొలత తీసిన రోజే నన్ను లెక్కలోంచి కొట్టేశావన్నమాట."

"మెత్తటి భుజాలు. ఏడాది కూడా ఉండవనుకున్నా."

"ఆరేళ్లున్నాను."

"చివరికి మానేశావుగా! నా మాట తప్పిందా?"

అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "భుజాలు చూసి చెప్పారు, సరే. ఏడాదికి మూడు సెలవులని ఆ టేపులో ఎక్కడ కనబడిందండీ?"

బావమరిది లేచాడు. ప్యాంటు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఇంట్లోవాళ్లకే నమ్మకం లేనప్పుడు బోర్డుకేం చెబుతాను? గోడౌనే నయం."

మాస్టారు లేచి సంచి అందుకున్నాడు. అతను వదల్లేదు. ఇద్దరూ కాసేపు సంచి చెరోవైపూ పట్టుకుని నిలబడ్డారు.

"ఒక మాట విను. గుడ్డ వదిలినవాళ్లలో పదకొండుమంది మానేశారు. యూనిఫాం ప్యాంట్లను మామూలు ప్యాంట్లుగా మార్చమని నా దగ్గరికే తెచ్చారు. నేనెవరికీ చెప్పలేదు. అందులో నాలుగంగుళాలు వదిలినవాడూ ఉన్నాడు."

బావమరిదికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "మరి నేను ఈసారి నిలుస్తానంటావా?"

"తెలీదురా."

ముప్పై ఏళ్లలో ఆ గదిలో ఆ మాట వినబడటం అదే మొదలు. అక్క కూడా నోరు తెరుచుకుని చూసింది. బావమరిది సంచి వదిలేశాడు.

మాస్టారు కాళ్ల దగ్గరి మడతలు విప్పి, అంచులకు లోపలివైపు వేరే పట్టీ వేశాడు. మిగిలిన గుడ్డను కోణాకారంగా కత్తిరించి నడుము వెనక అతికాడు. బెల్టు పెడితే కనబడదు. సాయంత్రానికి ఇస్త్రీ కూడా అయింది.

మర్నాడు మధ్యాహ్నం బావమరిది అదే ప్యాంటులో మెట్లెక్కాడు. బోర్డువాళ్లు ఒకటే అడిగారట, మళ్లీ ఎందుకొచ్చావని. "ఈ పని నాకు చేతనవును సార్, సెలవు లేకే పోయాను," అన్నాడట. చేతిలో ఉత్తర్వు ఉంది. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చదివాడు. వారపు సెలవు, బుధవారం.

"ఇస్తారంటావా?"

"ఇవ్వకపోతే ఎందుకో రాసివ్వాలి బావా. ఆ కాగితాలన్నీ దాస్తాను."

మాస్టారు ఉత్తర్వు మడిచి అతని జేబులో పెట్టాడు.

"బుధవారం మాత్రం ఇటు రాకు. ఇంట్లో ఉండు. వచ్చావంటే కూర్చోబెట్టి గుండీలు కుట్టిస్తా."