రెండేళ్ళు పెద్ద ఉయ్యాల

మా పక్కింటి టైలరూ నేనూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటాం. చుట్టరికం ఏమీ లేదు. ఎగతాళికి లైసెన్సు ఉంటుందని కలుపుకున్న వరస. నలభై ఏళ్ళుగా ఆయన కుట్టినవన్నీ స్కూలు యూనిఫారాలే. పిల్లవాడి కొలత తీసుకుని, దానికి రెండేళ్ళ ఎదుగుదల కలిపి కత్తిరించడం ఆయన పద్ధతి. తల్లిదండ్రులు మెచ్చుకునేవారు, పిల్లలు తిట్టుకునేవారు. నేను చదువుకున్న కాన్వెంటుకు కూడా తర్వాత ఆయనే కుట్టాడు. అక్కడి సిస్టర్లు హాజరు వేసేముందు చొక్కాలో మనిషి ఉన్నాడో లేడో తట్టి చూసేవారు. ఒకసారి పెద్ద గాలి వీస్తే ఒకడి చొక్కా తెరచాపలా ఉబ్బి, వాణ్ణి రెండు వీధుల అవతల దింపింది. నేను చూడలేదు గానీ, వాణ్ణి డాబా మీద నుంచి నిచ్చెన వేసి దించినాయన స్వయంగా చెప్పాడు.

ఈ మధ్య ఆయన కూతురు మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది. ఇద్దరు పిల్లలు, పిల్లవాడికి ఐదేళ్ళు, పిల్లకు మూడు. పగలంతా వాళ్ళు తన దగ్గరే ఉండాలని తాత ఆరాటం. కూతురికి భయం. పోయినసారి వదిలి వెళితే చిన్నది కుట్టుమిషను కింద కూర్చుని గుండీ మింగింది. నాలుగు కన్నాల గుండీ. అది బయటపడేదాకా రెండు రోజులు ఇంటిల్లిపాదీ ముద్ద ముట్టలేదు.

"నాన్నా, వెనక జాగా ఖాళీగానే ఉంది కదా. పిల్లలు ఆడుకునేలా చేయించు. ఆదివారం వచ్చి చూస్తా. బావుంటే నీ దగ్గరే, లేకపోతే క్రెష్‌లో చేర్పించేస్తా. ఫారం కూడా తెచ్చుకున్నా" అంది.

ఆ వెనక జాగా పన్నెండడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు. ఆయన కాగితం మీద గీయలేదు. పాత న్యూస్‌పేపర్లను ఉయ్యాలకొక ముక్క, ఇసుక గుంటకొక ముక్క, జారుడుబల్లకొక ముక్క, బొమ్మరిల్లుకొక ముక్కగా కత్తిరించి, బట్ట మీద పరిచినట్టు నేల మీద పరిచాడు. గుడ్డ వృథా కాకూడదన్నట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఇసుక గుంట గోడనీడలోకి వచ్చింది. ఉయ్యాల వంటింటి కిటికీకి ఎదురుగా వచ్చింది. బట్టలారేసే తీగ పక్క సందులోకి పోయింది. ముళ్ళ మొక్కలు పోయాయి. కుళాయి చుట్టూ ఉన్న సిమెంటు అంచును వడ్రంగి చేత గుండ్రంగా చెక్కించబోతే అతను, "నేను కొయ్య పనివాణ్ణి మహాప్రభో" అని మొత్తుకున్నాడు.

టేపు రెండో కొస నా చేతిలో ఉంది కాబట్టి ఆ పాపంలో నాకూ భాగం ఉంది.

"ఉయ్యాల బల్ల ఇంత ఎత్తులోనా? పిల్లల వయసెంతండీ?" అని వడ్రంగి అడిగాడు.

"మూడు, ఐదు."

"మరి ఇదీ..."

"ఎదగరా ఏంటయ్యా?"

"కొలత మీది, కొయ్య నాది" అని వడ్రంగి చేతులు దులుపుకున్నాడు. కిటికీలోంచి బావ భార్య, నాకు వరసకు చెల్లెమ్మ, గొంతు కలిపింది. "ఎవరికి చేస్తున్నారో అడుగు అన్నయ్యా. నాకైతే సరిగ్గా సరిపోతుంది, ఎక్కి ఊగుతా."

ఆదివారం కూతురు వచ్చింది. పిల్లలు కేకలు వేస్తూ వెనక్కి పరుగెత్తారు. ఆ కేకలు అర నిమిషంలో ఆగిపోయాయి.

పిల్లవాడు ఉయ్యాల ముందు నిలబడ్డాడు. బల్ల వాడి ఛాతీ దాకా ఉంది. చిన్నది జారుడుబల్ల మెట్టు మీదికి కాలెత్తింది, అందలేదు. ఇసుక గుంట గట్టు మీద గడ్డం ఆనించి లోపలికి చూసింది. చేతికందని బొమ్మరిల్లు గడియ కేసి చూసింది. చివరికి తాత వైపు తిరిగి, "తాతా, ఇది ఎవరిది?" అని అడిగింది.

"మీదే తల్లీ."

"కాదు. పెద్దవాళ్ళది."

బావ ముఖం చూడలేక నేను కుళాయిని చూశాను.

కూతురు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నాన్నా, నా చిన్నప్పుడు ఒక్క గౌనైనా నాకు సరిపోయిందా? సరిపోయే వేళకు అది వెలిసిపోయి ఉండేది. వీళ్ళు ఇప్పుడు ఆడుకోవాలి కదా, రెండేళ్ళ తర్వాత కాదుగా."

ఆయన మెడలోంచి టేపు తీశాడు.

"సాయంత్రం దాకా ఉంటావామ్మా?"

"ఉంటా."

"అయితే నేను కొలుస్తా, నువ్వు రాయి. నేను చెప్పిందే రాయి. తర్వాత మారిస్తే రాయకు."

చిన్నదాన్ని గోడకు నిలబెట్టాడు. నేల నుంచి మోకాలి దాకా కొలిచాడు. "పది" అన్నాడు. పెదవి కదిలింది. మేమంతా ఎదురుచూశాం. "పదే" అన్నాడు. నలభై ఏళ్ళలో ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పిన మొదటి కొలత అది.

సెలవు రోజు పిలిచినందుకు గొణుక్కుంటూ వడ్రంగి వచ్చాడు. ఉయ్యాల తాళ్ళు వదులు చేసి బల్లను చిన్నదాని మోకాలి ఎత్తుకు దించారు. జారుడుబల్ల మెట్ల మధ్య ఇంకో వరస మెట్లు దిగగొట్టారు. ఇసుక గట్టుకు ఒక్క వరస ఉంచి మిగతా ఇటుకలన్నీ నేనే ఊడదీశాను. ఒకటి కాలి మీద పడింది. ఏనుగు తొక్కినంత పని అయిందని ఇప్పటికీ చెబుతుంటాను, చెల్లెమ్మ మాత్రం నమ్మదు. ఉయ్యాల కింద ఇసుక మందంగా పోశారు. బొమ్మరిల్లు గడియను పూర్తిగా తీసేశారు.

చిన్నది ఉయ్యాల ఎక్కింది. ఎవరూ ఎత్తలేదు. కాళ్ళు నేలకు తన్ని తనే ఊగింది. వాళ్ళమ్మ వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి పిల్లలిద్దరూ కనిపిస్తున్నారో లేదో చూసుకుంది. మళ్ళీ బయటకు వచ్చి అన్నది ఒక్కమాటే. "నాన్నా, రేపు ఎనిమిదింటికి తీసుకొస్తా."

మర్నాడు పిల్లలు అమ్మకు టాటా కూడా చెప్పకుండా ఇంటి మధ్య నుంచి దూసుకుపోయారు. కూతురు గుమ్మంలో కాసేపు నిలబడి, కాస్త చిన్నబుచ్చుకుంటూనే బస్సుకు వెళ్ళింది. బావ ఆరోజు షాపు తీయలేదు. ఒక బకెట్టు బోర్లించి ఇసుక గుంట పక్కన కూర్చున్నాడు.

"తాతా, అక్కడ కూర్చోకు. అది రోడ్డు" అంది చిన్నది.

"ఓహో, రోడ్డా? చూడలేదమ్మా" అని ఆయన లేచి, బకెట్టు పట్టుకుని గోడ వైపు జరిగాడు.