గుర్రప్పిల్ల మోకాటిచిప్ప, మామ తెల్లచొక్కా

కుర్ర వయసులో నన్ను ఎవరేమన్నా మర్చిపోయేవాణ్ణి కాదు. ఇప్పుడూ మర్చిపోను గానీ, అప్పుడైతే ఒక్కో మాటనూ రోజూ బయటికి తీసి తలచుకునే తీరిక ఉండేది. అందులోనూ మా మామ (అమ్మకు తమ్ముడు) మాటలకు ప్రత్యేకమైన చోటు. మాది చిత్తూరు పక్కన, పెండ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలే ఇల్లు. నాయనకు నడుము పట్టేశాక తెల్లగుర్రం బాధ్యత నా మీద పడింది. పలకల (మా వైపు డప్పులను అట్లే అంటారు) మోత వింటే చాలు, అది తలెగరేసి కాళ్ళు మార్చి మార్చి ఎత్తి ఆడేది. దానికి పుట్టిన పిల్ల మాత్రం నిలబడలేకపోయింది. కుడి వెనకకాలు చాపబోతే మోకాటిచిప్ప పక్కకు జారిపోయేది, వెంటనే కూలబడేది. పాలు తాగాలంటే నేను కడుపు కింద చేతులు వేసి ఎత్తిపట్టాలి. "పుట్టినప్పట్నుంచి దండం పెడతానే ఉండాది. అలిపిరిలో కొండ మెట్ల కాడ వదిలేసి రారా, పుణ్యమన్నా వస్తాది" అన్నాడు మామ. అందరూ నవ్వినారు. (ఎవరెవరు నవ్వినారో నాకింకా గుర్తే.)

ఆ నవ్వుతో నాకు మొండితనం వచ్చింది. తల్లినీ పిల్లనూ వ్యాన్ ఎక్కించి తిరుపతిలో పశువుల ఆసుపత్రికి బయలుదేరాను. పెద్దమనిషి తోడుండాలని నాయన మామను కూడా పంపాడు. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వచ్చాడు. దారంతా పిల్లను ఒళ్ళో పెట్టుకున్నందువల్ల నా చొక్కా మాత్రం చొక్కాలా లేదు. డాక్టరమ్మ ఇద్దరినీ చూసి నేరుగా ఆయన వైపు తిరిగింది.

"చూడండి ఓనరు గారూ, తొడ ఎముక చివర ఒక గాడి ఉంటుంది. చిప్ప అందులోనే పైకీ కిందికీ కదలాలి. దీనికి బయటివైపు పట్టీ బిగుసుకుపోయి చిప్పను లాగేస్తోంది. అక్కడ కోసి వదులు చేస్తాం, లోపలివైపు కుట్లేసి బిగిస్తాం. గాడి లోతు చాలకపోతే కొంచెం చెక్కుతాం."

"నేనూ అదే అనుకున్నానమ్మా" అన్నాడు మామ.

"మేడం, పిల్ల నాది. నిలబడతాదా?" అన్నాను.

"నువ్వు తల్లిని పట్టుకోప్పా, బెదురుతుంది" అని నాకు చెప్పి, జవాబు మామకిచ్చింది. "చిన్న వయసు కాబట్టి నమ్మకముంది. ఆపరేషన్ అయ్యాక ఇరుకు కొట్టంలో ఉంచండి. ఎగరనివ్వొద్దు. కుట్లు తెగితే మళ్ళీ మొదటికే."

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నేను చెట్టు కింద తల్లిగుర్రం పగ్గం పట్టుకుని నిలబడ్డాను. మామ వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు కాఫీ కూడా ఇచ్చారు.

కొన్నాళ్ళకు ఇంటికి పంపించారు. జబ్బుపడిన గుర్రం తిరిగి గడప చేరితే దిష్టి తీసి పలకలు కొట్టించడం మా ఇండ్లలో ఆనవాయితీ. మామ దారిలోనే ఫోన్ చేసి పలకలవాళ్ళను పిలిపించాడట. వ్యాన్ దిగామో లేదో మోత మొదలైంది. తల్లి తన పని తాను మొదలుపెట్టింది. దాన్ని చూసి పిల్ల కూడా ముందుకాళ్ళు ఎత్తబోయింది. వెళ్ళి దాని నడుమును రెండు చేతులా వాటేసుకున్నాను. అది ఎటు గుంజితే అటు నేనూ ఎగరాల్సి వచ్చింది.

"అన్న కూడా ఆడతాండాడు, ఎయ్యండిరా!" అన్నాడు పలకలాయన.

"ఆపండ్రా, కుట్లు తెగతాయి!" అని అరిచాను. ఎవరికి వినిపిస్తుంది? మామ తువ్వాలు తిప్పుతా ఈలేసినాడు. చివరికి అమ్మ, దిష్టికని కలిపిన ఎర్రనీళ్ళ బేసిన్ ఎత్తి పలకల మీద కుమ్మరించింది. సగం నీళ్ళు మామ చొక్కా మీద పడ్డాయి. మోత చప్పబడింది.

"ఏందక్కా ఇది?" అన్నాడు మామ.

"దిష్టి పోయింది, లోపలికి రా" అంది అమ్మ.

నేను అక్కడే కూర్చుని చిప్పను తడిమాను. జారినట్టు లేదు. అయినా, మళ్ళీ ఆసుపత్రిలో చూపించేదాకా పూటపూటా తడిమి చూస్తూనే ఉన్నాను. ఆ రోజు డాక్టరమ్మ బొటనవేలితో చిప్పను అటూ ఇటూ నొక్కింది. కదల్లేదు. నడిపించమంటే నేను ముందు నడిచాను. పిల్ల కాలు చక్కగా చాపి నా వెనకే వచ్చింది.

"ఓనరు గారూ, బాగా చూసుకున్నారు" అంది, కొత్త తెల్లచొక్కాలో ఉన్న మామతో.

"ఏదో, మా చేతనైంది మేడం" అన్నాడాయన.

నేను నోరు తెరిచాను. కానీ పిల్ల నా మోచేతిని నాకుతుంటే దాని మెడ నిమరడంలో పడ్డాను. తిరుగుదారిలో అది వ్యాన్ వెనక నాలుగు కాళ్ళ మీదా నిలబడే వచ్చింది. దాని పక్కన నేనూ నిలబడే వచ్చాను. ముందుసీటు మామ ఆక్రమించాడని, నన్ను పశువులతో పాటు వెనక తోసేశాడని చాలా ఏళ్ళు కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. నిజానికి ముందు ఇంకొకరికి చోటుంది. చిత్తూరు చేరేలోపు మామ రెండుసార్లు పిలిచాడు కూడా.