రష్యన్ నవల మీద పన్నెండు వారాల డ్యూటీ

గాజువాకలోని మా కాలనీ గ్రంథాలయానికి నేను రిపోర్ట్ చేసింది ఉదయం ఏడూ ఇరవైకి. సెప్టెంబరు, ఆదివారం. సన్నగా వాన. రమ్మన్నది ఏడున్నరకి. తలుపుకి తాళం ఉంది. తాళం చెవి గ్రంథాలయం నడిపే మాస్టారి దగ్గర ఉంది. ఆయన ఏడూ యాభై రెండుకి వచ్చారు. ఆలస్యానికి కారణం చెప్పలేదు. నేను అడగలేదు. రాసుకున్నాను.

పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. అందులో రెండు చలికాలాలు మంచు కొండల మీద పోస్టులో ఉన్నాను. ఇప్పుడు ఒక కంటైనర్ యార్డు గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. మంచు గురించి నన్ను ఇక్కడ ఎవరూ అడగరు. "ఆ రష్యన్ నవల నిజంగా మొత్తం చదివావా?" అని మాత్రం అడుగుతారు. కాబట్టి ఆ డ్యూటీ గురించే చెబుతాను.

పుస్తకం తెలుగు అనువాదం. పాతది. ఒకటే కాపీ. 1,408 పేజీలు. బైండరు దాన్ని పన్నెండు భాగాలుగా విడదీసి, ఒక్కోదానికి ఖాకీ గుడ్డ అట్ట వేశాడు. పద్ధతి ఇదీ: మొదటివాడు ఒక భాగాన్ని వారంలో చదివి, ఆదివారం పొద్దున తన వెనకవాడికి అప్పగించి, తర్వాతి భాగం తీసుకోవాలి. సెంట్రీలు మారినట్టే. ముందువాడు ఆగిపోతే వెనకవాడు ఖాళీ చేతులతో నిలబడాలి. ఆదేశం: వారానికి ఒక భాగం. లెక్కన రోజుకి పదిహేడు పేజీలు.

గోడ మీద ఒక చెక్క బోర్డు ఉంది. ఆ నవల పూర్తిగా చదివినవాళ్ల పేర్లు తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి. నాలుగే పేర్లు. అన్నిటికంటే పైన మాస్టారి పేరు. ఆయన రిటైరైన లెక్చరరు, కృష్ణా జిల్లా మనిషి. ఆ నవల గురించి ముప్పై ఏళ్లుగా ఉపన్యాసాలు ఇస్తున్నారు.

ఐదో పేరు నాది కావాలనుకున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

చదవడానికి నలుగురం. ప్రైవేటు ఆసుపత్రి నర్సు, పోర్టులో క్రేన్ ఆపరేటర్, మధురవాడ నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ అబ్బాయి, నేను. మాస్టారు వరస చెప్పారు. నాది ఆఖరు.

"హవల్దారు గారు చివర్న ఉండటం మంచిదండీ. మధ్యలో ఆగిపోయినా వెనక ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. మంచు పోస్టులో ఒక సుబేదారు కూడా ఇలాగే నవ్వుతూ నన్ను పెట్రోలింగ్ నుంచి తప్పించి, కిరోసిన్ డబ్బాలు లెక్కపెట్టమన్నాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. మాస్టారి ముఖాన్ని దాని పక్కనే పెట్టుకున్నాను.

ఆఖరివాణ్ణి కాబట్టి మొదటి మూడు ఆదివారాలు నా చేతికి ఏమీ రాలేదు. అయినా వెళ్లి సంతకం పెట్టి వచ్చాను.

నాలుగో ఆదివారం మొదటి భాగం అందింది. సామగ్రి: ప్లస్ టూ కళ్లద్దాలు, రెండు పెన్సిళ్లు, రూళ్ల రిజిస్టరు, మజ్జిగ సీసా. నా షిఫ్టు ఉదయం ఆరు నుంచి రెండు వరకు. చదువు మూడు నుంచి ఐదున్నర వరకు, మేడ మెట్ల మీద. అక్కడ గాలి వస్తుంది. గాలితో పాటు నల్లటి దుమ్ము కూడా వస్తుంది. ప్రతి పేజీనీ తిప్పేముందు ఊదాలి.

మొదటి రోజు పదిహేడు పేజీల్లో ఇరవై ఆరుగురు మనుషులు దిగారు. నాకు తెలిసిన మార్గం ఒకటే. రిజిస్టరులో నామినల్ రోల్ తెరిచాను, అంటే యూనిట్‌లో ఉన్న ప్రతి మనిషి పేరూ రాసే పట్టిక. పేరు, హోదా, ఎప్పుడు చేరాడు, ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు. చచ్చిపోతే ఎర్ర గీత.

నా రెండో వారమే దెబ్బ తగిలింది. ఆదివారం సాఫ్ట్‌వేర్ అబ్బాయి రాలేదు. రెండో భాగం అతని దగ్గరే ఉంది. ఫోన్ చేశాను.

"రెండో భాగం ఎక్కడుంది?"

"అంకుల్, కాల్‌లో ఉన్నాను."

"కాల్ అయ్యాక?"

"ఇంకో కాల్ ఉందంకుల్."

రెండు బస్సులు మారి మధురవాడ వెళ్లాను. గంటా యాభై నిమిషాలు. అపార్టుమెంటు గేటు దగ్గర ఆపి, ఎవరింటికి, ఎందుకు, సంతకం అన్నారు. నేను రోజూ అందరినీ అడిగేవే. అతను కిందికి దిగి వచ్చి ఖాకీ అట్ట చేతిలో పెట్టాడు.

"నావల్ల కాలేదంకుల్. సినిమా ఉందంటగా, అది చూసేస్తాను. మీరైనా ఆ వయసులో ఎందుకు స్ట్రెస్?"

ఆ వయసులో! నాకు యాభై మూడు. అది కూడా రాసుకున్నాను. తిరుగు బస్సులో నిలబడి పదకొండు పేజీలు చదివాను.

అక్టోబరులో తుఫాను పట్టింది. మూడు రోజులు కరెంటు లేదు. మెట్ల మీద జల్లు కొడుతోంది. వంటింటి కిటికీ దగ్గర, పగటి వెలుగు ఉన్నంతసేపు చదివాను. పుస్తకంలో మంచు. బయట వాన. కాగితాలు మెత్తబడి అతుక్కున్నాయి. కోటా తగ్గలేదు.

నాలుగో భాగం ముగిసేసరికి నా రోల్‌లో 214 మంది ఉన్నారు. ఆ ఆదివారం రిజిస్టరు నర్సుకి చూపించాను. ఆమె విజయవాడ వైపు మనిషి. వేలు పెట్టి చూస్తూ వెళ్లింది. ఒకచోట ఆగింది.

"అన్నయ్యగారూ, ఈ పద్నాలుగో నంబరు, ఈ యాభై రెండు, ఈ తొంభై... ముగ్గురూ ఒక్కడేనండీ! వాళ్లకి తండ్రి పేరు కలిపి ఒక పేరు, ముద్దుపేరు ఒకటి, ఇంటిపేరు ఒకటి ఉంటాయి."

"తొంభయ్యో నంబరు రెండు వారాలుగా కనబడటం లేదు. మిస్సింగ్ అని రాశాను."

"మిస్సింగ్ కాదండీ. పద్నాలుగో నంబరుగా పెళ్లి చేసుకున్నాడు."

క్రేన్ ఆపరేటర్ బల్ల చరిచి నవ్వాడు. "ఏటి బావా! ఒకణ్ణే మూడుసార్లు సైన్యంలో సేర్సేసినావా? మరి జీతమెవులిత్తారు?"

ఇంటికెళ్లి రోల్ మొత్తం తిరగరాశాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. బలం 214 నుంచి 131కి పడింది. ఆ నవ్వు మాత్రం మర్చిపోలేదు. అయితే తర్వాతి వారం నుంచి నర్సు, ఆపరేటర్ ఇద్దరూ ఫోన్‌లో నన్నే అడగడం మొదలుపెట్టారు.

"బావా, ఈ ముసలి జనరలెవులు?"

"అరవై మూడో నంబరు. లావుపాటావిడకి తమ్ముడు. మూడో భాగంలో గుర్రం మీంచి పడ్డాడు."

"ఓ, ఆడా! సరే బావా."

డిసెంబరు మూడో శనివారం, సాయంత్రం నాలుగూ నలభైకి 1,408వ పేజీ చేరాను. మంచు పడటం మొదలైంది. ఒక ముసలాయన తలుపు మూశాడు. ఫుల్‌స్టాప్. తర్వాత బైండరు అట్ట.

రోల్ ముగిద్దామని కూర్చున్నాను. చనిపోయినవాళ్లు, ఇళ్లకి చేరినవాళ్లు, పెళ్లయినవాళ్లు. అందరూ సరిపోయారు. ఒక్కడు తప్ప. 118వ నంబరు. గుర్రపు రౌతు. 1,391వ పేజీలో ఒక ఉత్తరం ఇచ్చి పంపారు. పోయినవాడు చేరినట్టు లేదు, చచ్చినట్టు లేదు, తిరిగి వచ్చినట్టు లేదు. డ్యూటీ మీద పంపిన మనిషిని అలా వదిలేసి ఏ యూనిట్టూ రోల్ ముగించదు.

ఆదివారం మాస్టారికి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని నవ్వారు.

"హవల్దారు గారూ, అదే గొప్పతనం! ముసలాయన తలుపు మూశాడు, రచయిత కూడా మూసేశాడు. అన్నీ చెప్పేవాడు గుమస్తా. చెప్పకుండా ఆగేవాడు మహారచయిత. అది పట్టుకోవడానికి కొంచెం సాహిత్య సంస్కారం ఉండాలి."

"రౌతు రిపోర్ట్ చేయలేదండీ."

"మీది మంచి సెక్యూరిటీ బుద్ధండీ" అన్నారు.

నర్సు మెల్లగా అంది. "నాకూ అలా ఆగిపోయిందేంటా అనిపించింది. మాస్టారు చెప్పారని ఊరుకున్నా."

పన్నెండో భాగాన్ని విప్పి చూశాను. పేజీలు పదహారేసి ఒక కట్టగా ఉన్నాయి. ప్రతి కట్ట మొదటి పేజీ అడుగున చిన్న అంకె. ఆఖరి కట్ట మీద ఎనభై ఎనిమిది. ఆఖరి కట్ట తర్వాత, కుట్టు దగ్గర, దారంలో ఇరుక్కుని కాగితం పీలిక ఒకటి కనబడింది. గోరుతో తీశాను. అరంగుళం. దాని మీద సగం అక్షరం ఉంది. అంటే అక్కడ ఇంకో కాగితం ఉండేది.

మాస్టారు చూడలేదు. టీ తాగుతున్నారు.

బయటికి వచ్చాక ఆపరేటర్ అన్నాడు. "బావా, ఆనందపురంలో మా పెదనాన్న కొడుకున్నాడు. పూల రైతు. పుస్తకాల వేన్ ఊళ్లోకొచ్చిన రోజుల్లో ఇదే కొన్నాడు. అడుగుదునా?"

సోమవారం సెలవు పెట్టాను. ఉదయం పదికి ఆనందపురం. రైతు చేమంతి బుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. పుస్తకం తెచ్చాడు. ముందు సగం మొత్తం అతను చదవకముందే చెదలు తినేశాయి. వెనక సగం నిక్షేపంగా ఉంది. నేను ఆఖరి పేజీ తిప్పాను. 1,424. మా కాపీ కంటే పదహారు ఎక్కువ. వెంటనే 1,409 కోసం వెనక్కి తిప్పాను.

అతను పుస్తకం మీద చెయ్యి వేశాడు. "నాలుగుసార్లు సదివినాను. ఈళ్లంతా ఎవులో, ఎందుకేడుస్తన్నారో నాకిప్పటికీ తెల్దు. ముందు కత సెప్పు. అప్పుడు సదువుకో."

"మొత్తమా?"

"మరి? సగం నాకాడుంది, సగం నీకాడుంది. నానేటి పిచ్చోణ్నా ఊరికే ఇయ్యడానికి?"

రిజిస్టరు తెరిచాను. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాను. పదిన్నర నుంచి రెండూ పది దాకా చెప్పాను. అతను పూలు ఏరడం ఆపేశాడు. మధ్యలో రెండుసార్లు "అద్గదీ! అందుకా అది అలగ సేసింది!" అని తొడ చరుచుకున్నాడు. ఆ తర్వాత పుస్తకం నా ఒళ్లో పెట్టాడు.

1,417వ పేజీలో రౌతు తిరిగి వచ్చాడు. నడిచి వచ్చాడు. గుర్రం లేదు. ఉత్తరం తడిసిపోయింది. అందులో ఏముందో నోటితో చెప్పాడు. నేను పెన్సిల్ తీసి 118కి ఎదురుగా 'హాజరు' అని రాశాను. మూడూ ఐదుకి ఆఖరి వాక్యం ముగించాను. లేచి నిలబడ్డాను. కూర్చోబుద్ధి కాలేదు.

జంక్షన్‌లో జిరాక్స్ తీయించాం. పుస్తకాన్ని షాపువాడికి కూడా ఇవ్వకుండా రైతే మెషీన్ మీద పట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఉదయం ఏడున్నర. గ్రంథాలయం. ఆ వారంలో నర్సూ ఆపరేటరూ చదివేసిన పదహారు కాగితాలు మాస్టారి ముందు పెట్టాను.

"ఏమిటివి?"

"మిగతా నవలండీ."

ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టారు. కుర్చీ లాగి వేశాను. చూడలేదు. మేం ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. నలభై నిమిషాలు.

చదవడం అయ్యాక కళ్లద్దాలు తీశారు. "ముప్పై ఏళ్లు..." అని ఆగారు. "హవల్దారు గారూ, బోర్డు చెరిపించండి. ముందు మీ పేరు రాయించండి. తర్వాత వీళ్లిద్దరివి. నాది కింద. పాత బోర్డు మీది మిగతా ముగ్గురి పేర్లూ, వాళ్లు ఇవి చదివాకే."

అయ్యో, వద్దు సార్ అని నేను అనాలి. అనలేదు. ఆఖర్న నిలబెట్టినవాణ్ణి అన్నిటికంటే పైకి వెళుతుంటే ఎందుకంటాను? "హోదాతో రాయించాలండీ" అన్నాను. మంగళవారం పెయింటరు వచ్చాడు. అక్షరాలు రెండంగుళాలు. హవల్దార్ అనే మాట ముందుంది. రోజూ షిఫ్టు దిగాక అటుగా వెళ్లి చూసి వస్తాను. సిగ్గేమీ లేదు.

కానీ కళ్లు మూసుకుంటే కనబడేది బోర్డు కాదు. మాస్టారు వేలితో ఆఖరి వాక్యం చివరి దాకా వచ్చారు. అక్కడ ఆగారు. తర్వాత ఆ కాగితాన్ని నెమ్మదిగా తిరగేశారు, ఇంకా ఏమైనా ఉందేమోనని. వెనక తెల్లగా ఉంది. ఆ తెల్లటి వైపు కూడా ఆయన పైనుంచి కింది దాకా చూశారు.