బాలప్ప లెక్కనే ఉండె

2019. వనపర్తిలో ఉంటూ కోర్టు ట్రాన్స్‌లేటర్‌గా పనిచేస్తున్నాను. ఏ కోర్టో చెప్పను. సెషన్స్ జడ్జి ఉరిశిక్ష వేస్తే, హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు కాదు. దాన్ని రిఫర్డ్ ట్రయల్ అంటారు. సాక్షులు ప్రమాణం చేసి తెలుగులో చెప్పిన మాటలను, అంటే డిపోజిషన్లను, ఇంగ్లీషులోకి మార్చి పంపాలి.

ఆ ఫైలు ఒక తల్లీకూతుళ్ల హత్యది. ఉరి పడినవాడు బాలప్ప అనే కూలీ. కళ్లతో చూసిన సాక్షి పక్కింటి సాయమ్మ ఒక్కతే. నేను క్యాథలిక్‌ని. ఉరి తప్పని మా చర్చి అంటుంది, నేనూ నమ్ముతాను. అందుకే ఆ ఫైలులో లొసుగు కోసమే వెతుకుతున్నానేమోనని మొదటి రోజు నుంచీ నా మీద నాకే అనుమానం.

లొసుగు దొరకనే దొరికింది. సాయమ్మ మాట ఇలా ఉంది: "తెల్లార్తుండె. ఉరుక్కుంట పోతుంటె ఎనుకనుంచి చూసిన. బాలప్ప లెక్కనే ఉండె." నాకంటే ముందు ఎవరో చేసిన డ్రాఫ్ట్‌లో 'ఇట్ వాజ్ బాలప్ప', అంటే వాడు బాలప్పే అని ఉంది. సెషన్స్ తీర్పులో కూడా ఆమె గుర్తుపట్టిందనే రాశారు. బాలప్ప తరఫు లాయరు దీని మీద ఒక్క ప్రశ్నా అడగలేదు.

మా అటెండర్ యాదమ్మది బిజినేపల్లి, సాయమ్మ యాసే ఆమెదీ. కేసు సంగతి చెప్పకుండా అడిగాను. "ఫలానా ఆయన లెక్కనే ఉండె అంటే ఏంది యాదమ్మా?"

"ఆయన తీరుగ కనవడ్డడని సార్. ఆయననే అయితె ఆయననే అంటం గద."

ఆ మాట దిద్దాలని చెబితే మా సూపరింటెండెంట్ మాత్రం నా మొహంలోకి అదోలా చూశారు. "మీ చర్చిల ఉరి వద్దంటరంట గద జోసెఫ్. గందుకేనా గీ పేచీ?"

ఫైలు తీసుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చేశాను. ఆ ఆదివారం చర్చి పూజలో, మనసు శుభ్రంగా లేదనిపించి, సత్ప్రసాదం తీసుకోవడానికి కూడా లేవలేదు. తర్వాత ఫాదర్‌తో చెప్పుకుంటే ఆయన ఒకటే అడిగారు. "గదే కాగితంల ఆ ఉరి పడ్డాయనకు ఎదురుపోయే మాటుంటె గిట్లనే పట్టుకుంటుంటివా?"

"తెల్వదు ఫాదర్."

సోమవారం ఆ డిపోజిషన్ మళ్లీ మొదటి నుంచి చదివాను. హత్యలకు వారం ముందు బాలప్ప ఆ తల్లితో "నీ అంతు చూస్త" అన్నాడని సాయమ్మ చెప్పింది. డ్రాఫ్ట్‌లో అది 'ఐ విల్ సీ యూ', అంటే ఉత్త 'నిన్ను చూస్తాను' అయి కూర్చుంది. ఆ వాక్యాన్ని నేను అప్పటికే రెండుసార్లు చదివాను. రెండుసార్లూ పెన్సిల్ గీత పెట్టకుండా దాటేశాను.

రెండూ దిద్దాను. మొదటిది 'బాలప్పలా ఉన్నాడు' అని, రెండోది ప్రాణానికి బెదిరింపు అని, మా వైపు వాడుక ఏమిటో కింద వివరించి రాశాను.

సూపరింటెండెంట్ చదివి తలెత్తారు. "గీ రెండోది ఆయన మెడకే సుట్టుకుంటది గద?"

"సుట్టుకుంటది సార్. కానీ ఆమె అన్నది గదే."

ఆయన సంతకం పెట్టారు.

కొన్ని నెలలకు హైకోర్టు తీర్పు వచ్చింది. తక్కిన సాక్ష్యాలను బట్టి నేరం రుజువైందన్నారు. బెదిరింపునూ లెక్కలోకి తీసుకున్నారు. కానీ పారిపోయింది బాలప్పే అని సాయమ్మ ఖాయంగా చెప్పలేదు కాబట్టి ఉరిశిక్ష రద్దు చేసి యావజ్జీవం వేశారు. ఆ పని చేసింది నిజంగా అతనేనా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒకటి మాత్రం నేర్చుకున్నాను. కాగితంలో నా మనసుకు నచ్చే మాట కనబడితే సంతోషపడను. దాని కోసం ఏ మాటను దాటేసి వచ్చానో వెనక్కి వెళ్లి వెతుక్కుంటాను.