టాయ్‌లెట్ల ఆర్కిటెక్టు

న్యూజెర్సీలో నేను పనిచేసిన ఆర్కిటెక్టు ఆఫీసులో ఆరేళ్లపాటు నాకిచ్చిన పని ఒక్కటే: టాయ్‌లెట్లు. ఆస్పత్రి వస్తే ఆస్పత్రి టాయ్‌లెట్లు, స్కూలు వస్తే స్కూలు టాయ్‌లెట్లు. బిల్డింగ్ ఎలా ఉండాలో మగవాళ్లంతా తేల్చేసుకుని, ఆ ఒక్క మూలనీ నా బోర్డు మీదికి తోసేవాళ్లు. డ్రాయింగుల మీద నా చేతిరాత బాసుకి నచ్చిందట. అంత సన్నటి అక్షరాలు అంత పొందిగ్గా రాసేవాళ్లు ఆఫీసులో లేరట. మెచ్చుకుంటూనే మనిషిని తొక్కెయ్యడం అతని దగ్గరే చూశాను. సైట్‌కి నన్నూ తీసుకెళ్లమంటే, అక్కడంతా బురద అనేవాడు. బురద అమెరికాలోనే పుట్టినట్టు, హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివినన్నాళ్లూ నేను తివాచీల మీదే నడిచినట్టు.

లైసెన్సు వస్తేగానీ డ్రాయింగ్ మీద మన సంతకం చెల్లదు. అది లేకపోతే ఎంత వయసొచ్చినా గీతలు గీసే మనిషివే. ఎనభైల్లో ఆ లైసెన్సు పరీక్షలో అన్నిటికన్నా పెద్ద గండం డిజైన్ పేపరు. పన్నెండు గంటలు కూర్చుని, వాళ్లిచ్చిన స్థలంలో ఒక బిల్డింగ్ మొత్తం చేత్తో గీసివ్వాలి. మిగతా పేపర్లు కిందామీదా పడి గట్టెక్కాను. ఈ ఒక్కటే మిగిలింది. కానీ కాలేజీ వదిలాక బిల్డింగ్ మొత్తం గీసే పని నాకెవరిచ్చారు?

పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్‌లో డైనింగ్ టేబుల్ మీద బోర్డు పెట్టుకుని, శని ఆదివారాలు ప్రాక్టీస్ చేసేదాన్ని. మా ఆయన, పిల్లలు, మామగారు సోఫాలో కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లు. మామగారు విజయవాడ నుంచి కొన్నాళ్లుండి వెళ్దామని వచ్చారు. కోడలు అమెరికాలో ఆస్పత్రులు కడుతోందని అక్కడ అందరికీ చెప్పి మరీ వచ్చారు. భోంచేస్తూ, "ఏమ్మా, ఆస్పత్రి ఎంతవరకొచ్చింది?" అని అడిగేవారు. జరుగుతోంది మామయ్యగారూ అనేదాన్ని. పాపం ఆయనేం చేశారు! అయినా ఆయన మీదా ఒళ్లు మండేది.

పరీక్షకి ముందు వారం, నేను గీసిన ప్రాక్టీస్ డ్రాయింగ్ ఒకటి సిగ్గు విడిచి బాసుకి చూపించాను. కాసేపు చూసి, టాయ్‌లెట్లు అద్భుతంగా ఉన్నాయన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మిగతా బిల్డింగ్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ కాగితం చుట్టి పట్టుకుని ఇంటికి డ్రైవ్ చేస్తూ దారంతా తెలుగులో తిట్టాను, పైకే.

పరీక్ష రోజు పెద్ద హాల్లో అందరూ ఎవరి బోర్డులు, ఎవరి లైట్లు, ఎవరి తిండి వాళ్లు మోసుకొచ్చారు. నేను పులిహోర డబ్బా తెచ్చుకున్నాను. చిన్న ఊరికి లైబ్రరీ గియ్యమన్నారు, ఏటవాలు స్థలంలో. ఏయే గదులుండాలో చదువుతుంటే టాయ్‌లెట్ల దగ్గర కళ్లు ఆగిపోయాయి. ఛీ, వాటి మొహం ఇవాళ చివర్న చూస్తాననుకున్నాను. వాలుని బట్టి మెట్లు దింపాను. పిల్లలు చదువుకునే గదిని, ఎండ సూటిగా పడని ఉత్తరం వెలుగులోకి తిప్పాను. ఆకలి వెయ్యలేదు, డబ్బా మూతే తియ్యలేదు. అంత సంతోషంగా ఆ దేశంలో నేనెప్పుడూ పనిచెయ్యలేదు. పెన్సిళ్లు కింద పెట్టమన్నప్పుడు ఇంకా పుస్తకాల అరలు దిద్దుతూనే ఉన్నాను.

ఫెయిల్ అయ్యాను.

తప్పినవాళ్లు వచ్చి తమ డ్రాయింగ్ చూసుకోవచ్చన్నారు. వెళ్తే పేపర్లు దిద్దిన పెద్దాయన ఒకాయన నా కాగితం పరిచి, ఒక్కో గది మీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "బిల్డింగ్ చాలా బాగుందమ్మా. కానీ ఇందులో టాయ్‌లెట్లు ఎక్కడా లేవు."

చివరికని వదిలేసి మర్చేపోయాను. కళ్లుమూసుకుని గియ్యగలిగిన పని అదొక్కటే, అదే గియ్యలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కార్లోకొచ్చి కూర్చున్నాక వచ్చింది అసలు కోపం. ఇన్నాళ్లూ లోపల ఒక భయం ఉండేది: నాకు నిజంగానే రాదేమో, బాసుకి అది తెలిసే ఇవ్వడం లేదేమో అని. ఆ పెద్దాయన "చాలా బాగుంది" అన్నాక ఆ భయం పోయింది. నాకు వచ్చు. వచ్చిన పనిని ఆరేళ్లు నా చేతికివ్వలేదు, అంతే.

సోమవారం పొద్దున బాసు కొత్త క్లినిక్ ప్లాను తెచ్చి నా బోర్డు మీద పెట్టాడు. దాన్లో ఒక మూల ఖాళీగా ఉంది.

"ఈసారి క్లినిక్ నేను గీస్తాను. ఆ మూల మీరు గియ్యండి," అన్నాను.

జోకనుకుని నవ్వాడు. నేను నవ్వకుండా అతని మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అతని నవ్వు ఆగింది. చుట్టూ బోర్డుల దగ్గర ఎవరూ తలెత్తలేదు. ఆ ప్లాను చుట్టి చంకన పెట్టుకుని, ఎవరికివ్వాలా అని వరసగా మగవాళ్ల బోర్డులన్నీ చూస్తూ వెళ్లాడు. వాళ్లలో ఒక్కడికీ ఆ మూల గియ్యడం రాదు.