ఆ రూపాయి ఎవరికివ్వాలి

రాస్తున్నావా? మధ్యలో ఆపి నవ్వకు. మీ అక్క జపాన్ పోయిన సంగతి చెబుతాను. అందులో నాకు అర్థమైంది తక్కువ, కానిదే ఎక్కువ. అర్థం కానిది కూడా రాయి.

దానికి అక్కడ కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. కార్లు వాటంతట అవే ఆగేటట్టు ఏదో రాస్తుందట. బ్రేకు ఉండగా రాయడమెందుకని అడిగితే నా కొడుకు, అదే మీ అబ్బా, నవ్వాడే గాని చెప్పలేదు.

బయలుదేరే ముందు దాని కుడిచేతికి ఇమామ్ జామిన్ కట్టాను. ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి, బిస్మిల్లా అని ముడి వేయడం. మన ఇంట్లో ఎవరు దూరం పోయినా కడతాం. క్షేమంగా చేరాక విప్పి, ఆ రూపాయి అక్కడి బీదవాళ్లకు ఇవ్వాలి. ఇచ్చేదాకా ప్రయాణం పూర్తయినట్టు కాదు. పెళ్లయి నేను డోర్నకల్ పోయినప్పుడు మా అమ్మ నాకూ కట్టింది. రైలు దిగగానే స్టేషన్ మెట్ల మీద కూచున్న ముసలామెకు ఇచ్చేశాను. అంతటితో అయిపోయింది.

మీ అక్క చేరిన మర్నాడు వీడియో కాల్ చేసింది. చొక్కా చేతి కింద ముడి ఇంకా ఉబ్బుగానే కనిపించింది.

"ఇంక ఇయ్యలేదేంది బిడ్డా?"

"ఎవలికియ్యాలె దాదీ? ఈడ అడుక్కునేటోళ్లే కనవడ్తలేరు."

"స్టేషన్ల సూసినవా?"

"సూసిన. ఊడ్చే పెద్దామె ఉంటే విప్పి ఇచ్చిన. వంగి దండం పెట్టి మల్ల నా చేతులనే పెట్టింది. ఆడ పెట్టేసి వస్తుంటే ఎన్క ఉరికొచ్చి మరీ ఇచ్చింది. నేను పారేసుకున్న అనుకున్నదేమో. మల్ల కట్టుకున్న."

మళ్లీ తనే అంది. "మన రూపాయి ఈడ నడ్వది గద దాదీ. ఆమె తీస్కున్నా ఏం జేస్కుంటది?"

పచ్చడి, నమాజుకు పరిచే జానమాజు, జలుబు మందు, అన్నీ యాదికి పెట్టుకుని సర్దించినదాన్ని, ఇదొక్కటి నాకు తట్టలేదు. డోర్నకల్‌లో నడిచింది గనక అంతటా నడుస్తుందనుకున్నాను.

"రేపు ఆఫీసుల కంపెనీ డ్రెస్ ఇస్తరట, పొట్టి చేతులది. అందరు అడుగుతరు. నువ్వు విప్పమంటెనే విప్పుత."

విప్పమంటే, ఇవ్వకుండా విప్పినట్టవుతుంది. కొత్త దేశంలో దానికేమైనా అయితే? వద్దంటే, మొదటి రోజే అందరి ముందూ తలవంపులు. సాయంత్రం చెబుతానని ఫోన్ పెట్టేశాను. మీ అమ్మ మాత్రం పప్పు పోపు వేస్తూ, "ఆడి పైసలే ఎవలకన్న ఇయ్యమను అత్తమ్మా, ఒడిసిపాయె," అంది. మొక్కి ముడి వేసింది ఈ రూపాయికి గదా. రూపాయి మారిస్తే, మొక్కిన ఆ దువా కూడా మారిపోతుందా? నాకెట్లా తెలుస్తుంది?

చివరికి మట్టెవాడ మసీదు గేటుకాడ కూచునే ఆమె దగ్గరికి పోయి ఒక రూపాయి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"రూపాయేనా అమ్మీ? చాయ్ కాదు గదా, చాయ్ వాసన గూడ రాదు."

పది నోటు కూడా ఇచ్చి సంగతి చెప్పాను.

"మనవరాలు చేరిందా మరి?"

"చేరిన్ననే అంటాంది."

"ఇగ ఫికరెందుకు? ఇంటికి పో."

సాయంత్రం ఫోన్ చేశాను. అక్కడ అప్పటికే చీకటి.

"విప్పు బిడ్డా. నీ పేరు మీద ఈడ ఇచ్చిన."

"గట్ల నడుస్తదా దాదీ?"

"నాకెర్కలేదు. నువ్వయితే విప్పు."

విప్పింది. ముడి ఉన్నచోట చేయి ఎర్రగా ఒత్తుకుపోయింది. రూపాయిని ఫోన్ ముందుకు తెచ్చి, "మరి దీన్నేం జెయ్యాలె?" అంది.

దాచిపెట్టమనబోయాను. ఇచ్చిన దాన్ని దాచుకోవడమేమిటి? ఇచ్చెయ్యమంటే తీసుకునేవాళ్లు లేరు. ఆలోచించి చెబుతానన్నాను. అది పొద్దున్నే ఆఫీసుకు పోయింది, పని నేర్చుకుంటోందట. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. నువ్వు చదువుకున్నదానివి గదా, నువ్వేమంటావు?