పుప్పొడి లేని ఈగలు

"...కాళ్లకు పుప్పొడి ఉందా అని అడుగుతున్నాను, ఎండ ఉందా అని కాదు!"

"అన్నిటికీ చూడలేదు మేడమ్."

"చూడకుండా ముసలి ఈగలని ఎలా రంగు చుక్క పెట్టావయ్యా? జాతకం అడిగావా?"

"గూటి ముందు ఎగురుతున్నాయి కదా అని..."

"ఏ వేళప్పుడు?"

దేచమ్మక్క దగ్గర పరిశోధన చేసే బోపయ్య గొంతు తగ్గింది. "భోజనాలయ్యాక."

కాఫీ కలుపుతున్న నేను గ్లాసులు అక్కడే వదిలేశాను. మడికేరి దగ్గరి మా చిన్న ల్యాబులో పరికరాలు చూసుకోవడమే నా పని. అయినా ఆ మాట ఎంత పెద్దదో నాకూ అర్థమైంది. మధ్యాహ్నం గూటి ముందు ఆడేవి ముసలి తేనెటీగలు కావు. మొదటిసారి బయటికొచ్చిన పిల్ల ఈగలు గూటివైపు ముఖం పెట్టి, గాలిలో ఊగుతూ ఇల్లు ఆనవాలు పట్టుకుంటాయి. మేతకు తిరిగే ముసలిది పుప్పొడి మోసుకుంటూ తిన్నగా లోపలికి పోతుంది.

దేచమ్మక్క ఇక్కడి కాఫీ తోటల్లో పుట్టింది. వాళ్ల తాత ఇంటి గోడలో తొర్రలు విడిచి తేనెటీగలను పెంచేవాడు. ఒకే రకం గుడ్డులోంచి పుట్టి రాణి ఈగ ఏళ్లూ, పనిగత్తె ఈగ వారాలూ ఎందుకు బతుకుతాయని చిన్నప్పుడే ఆయన్ను పీడించేదట. "తిండిలో ఉందే" అనేవాడు ఆయన. ఆ తిండి జన్యువులను మార్చదు, వాటిమీది రసాయన ముద్రలను మారుస్తుందని ఆమె బెంగళూరులో చదువుకుంది. అక్కడ అందరూ ఈస్టు మీదా ఎలుకల మీదా పనిచేస్తుంటే ఈమె ఈగలు కావాలంది. గురువు నవ్వి, ల్యాబులో ఓ మూల ఖాళీ చేసి ఇచ్చాడు. ఆ మూల గురించి ఇప్పటికీ దేవుడి గది గురించి చెప్పినట్టు చెబుతుంది. ఇక్కడికొచ్చాక తోట యజమాని పొన్నప్ప తన ఈగల పెట్టెలన్నీ అప్పగించాడు. బదులుగా కొత్త పంటకు చేసే పుత్తరి పండక్కి భోజనానికి రమ్మన్నాడు, అంతే.

పిల్లల్ని పెంచే పడుచు ఈగలను గూట్లోంచి తీసేస్తే, మేతకు పోయిన ముసలివాటిలో కొన్ని మళ్లీ దాదులవుతాయి. అప్పుడు వాటి మెదడులోని ముద్రలు కూడా వయసు మరిచి వెనక్కి మళ్లుతాయా? ఉద్యోగమంతా ఆమె వెతికింది ఇదే. ఎప్పుడూ కొన్ని మళ్లేవి, కొన్ని మళ్లేవి కావు. ఈ ఏడు బోపయ్య చుక్కలు పెట్టిన ఈగలు దాదాపు అన్నీ మళ్లాయి. బియ్యపు నూక ఉండలు కడంబుట్టూ, పంది కూరా వండుకుని పండగ చేసుకున్నాం. మర్నాడు పేపరు పంపాలి. వచ్చే కాఫీ పూతకి ముందే ఆమె రిటైరవుతుంది. అంటే ఇదే ఆఖరి పేపరు. కానీ చుక్కలు పడ్డవి పిల్ల ఈగలైతే మళ్లిందేమీ లేదు, అవి ఇంకా ముసలివే కాలేదు.

"రెండు పెట్టెలే మేడమ్," అన్నాడు బోపయ్య. "మిగతావి పొద్దున్నే, పుప్పొడి చూసే పెట్టాను."

"ఆ రెండు పెట్టెల ఈగలను విడదీయగలవా?"

"లేదు. అన్నిటికీ ఒకే రంగు పెట్టాను. పరీక్షకి మెదళ్లన్నీ కలిపే నూరేశాం."

ఆమె కళ్లజోడు తీసి, చీర చెంగుతో చాలాసేపు తుడిచింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"తెలుసు మేడమ్."

"మరి నోరు మూసుకోలేకపోయావా?"

"మూసుకునే తిరిగాను. ఎలా చేశామో పేపర్లో రాసే చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అన్నం కూడా సయించలేదు. ఇప్పుడే ఆకలేస్తోంది."

ఆమెకు నవ్వొచ్చింది. "అక్కా, వీడికి ముందు రొట్టె పెట్టు," అంది నాతో. నాకన్నా పెద్దదైనా నన్ను అక్కా అనే పిలుస్తుంది.

బియ్యప్పిండితో చేసిన అక్కిరొట్టె మీద నెయ్యి వేసి ఇచ్చాను. వాడు తలెత్తకుండా తింటుంటే ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఇది అచ్చయితే నేను తోటలో కూర్చుని మురిసిపోయేదాన్ని. ఎక్కడో ఏ పిల్లో దీన్ని నమ్మి మళ్లీ చేసి, తనకి రాలేదని తన చేతుల్నే అనుమానించుకుంటూ ఏళ్లు పోగొట్టుకునేది. ఆ పిల్ల నీకు దణ్ణం పెట్టాలిరా. పెట్టదులే, ఆమెకి తెలియదు. ఆమె బదులు నేను పెడుతున్నాను."

"అయ్యో, మేడమ్!" వాడికి పొలమారింది. నీళ్లిచ్చాను.

ఆమె లేచి, గోడకున్న తెల్లబోర్డు మీద పేపరు పేరు తుడిచేసింది.

"రేపు ఏదీ పంపడం లేదు. వచ్చే పూతకి మొదటినుంచీ చేద్దాం. అప్పటికి ల్యాబు నీది, పేపర్లో మొదటి పేరూ నీదే. రిటైరైనా పొద్దున్నే వచ్చి చుక్కలు నేను పెడతాను."